చెయ్యి పట్టని చోట ఆయిల్ ఫిల్టర్: బోటు అడుగున చుక్క పడకుండా మార్చడం ఎలా?

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజుల్లోనే తూపిలిపాళెం, దుగరాజపట్నం వైపు బోట్లకు రంగులు పడతాయి, వలలు బాగవుతాయి, ఇంజిన్ మూతలు తెరుచుకుంటాయి. వీటన్నిటిలో ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చడం చిన్న పని, లెక్కకు ఒక గంట. కానీ ఫిల్టర్ ఇంజిన్‌కూ బోటు పక్క గోడకూ మధ్య ఇరుక్కుని ఉంటే ఆ గంటలోనే అర లీటరు నల్ల ఆయిల్ అడుగుకు జారిపోతుంది. తర్వాత ఎప్పుడో నీళ్లు తోడే మోటారు దాన్ని తీసుకెళ్లి బయట పోస్తుంది.

తడ, సూళ్లూరుపేట పక్కన పులికాట్‌లో తిరిగే బోట్లకు ఇది ఇంకా పెద్ద సంగతి. పెద్దవాళ్లు ప్రళయకావేరి అనే ఈ సరస్సు చాలా చోట్ల నడుము లోతు కూడా ఉండదు. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారాలు ఇసుకతో పూడుతుంటాయి. ఇక్కడ ఒలికిన ఆయిల్ కొట్టుకుపోవడానికి దారి తక్కువ. రొయ్య పిల్లలు పెరిగే ఒడ్డు బురదలోకే అది చేరుతుంది. ఫ్లెమింగోలు ముక్కు పెట్టి గాలించేదీ ఆ బురదనే.

ఒలికితే బోటుకూ నష్టమే. ఇంజిన్ కాళ్ల కింద ఉండే రబ్బరు మౌంటింగులు ఆయిల్‌లో నానితే ఉబ్బి మెత్తబడతాయి. దాంతో ఇంజిన్ కుదుపు పెరిగి ప్రొపెల్లర్ షాఫ్టు వరస తప్పుతుంది. ఫ్యాన్ బెల్టుకు ఆయిల్ తగిలితే జారుతుంది. అర లీటరు ఆయిల్ వల్ల వచ్చే ఖర్చు అర లీటరు ఆయిల్ ధరతో ఆగదు.

ఫిల్టర్ విప్పాక ఆయిల్‌ను పట్టుకుందామంటే దొరకదు. విప్పకముందే లోపల ఎంత ఉందో, ఎటు జారుతుందో, ఎందులో పడాలో తేల్చుకోవాలి. పానా పని ఆ తర్వాతే.

ఫిల్టర్ ఏ భంగిమలో ఉంది?

బోట్లలో వాడే డీజిల్ ఇంజిన్లు చాలావరకు లారీకో ట్రాక్టర్‌కో జనరేటర్‌కో తయారైనవే. అక్కడ మెకానిక్ కింద పడుకుని పైకి చూస్తూ ఫిల్టర్ విప్పుతాడు. బోటులో కింద ఖాళీ లేదు, పక్కన గోడ ఉంది. పై నుంచి ఒక చెయ్యి మాత్రమే దూరుతుంది, అదీ మోచేతి దాకా. కళ్లకు ఫిల్టర్ కనిపించదు. కాబట్టి ముందు ఫోన్‌ను వీడియోలో పెట్టి, టార్చి వేసి, ఫిల్టర్ చుట్టూ తిప్పి చూడండి. మర ఉన్న మూతి ఎటు ఉంది, కింద ఏముంది, స్టార్టర్ మోటారు ఎంత దూరంలో ఉంది అన్నవి ఆ వీడియోలో తెలిసిపోతాయి.

మూతి పైకి, డబ్బా అడుగు కిందికి ఉంటే అదృష్టం. గిన్నెలా దిగుతుంది, లోపలి ఆయిల్ లోపలే ఉంటుంది. డబ్బా అడ్డంగా పడుకుని ఉంటే మర వదలగానే మూతి అంచు నుంచి ఆయిల్ ఇంజిన్ బ్లాకు వెంట కిందికి పాకుతుంది. ఒలికేది ఎక్కువగా ఇలాంటి చోటే. మూడోది తలకిందుల ఫిల్టర్. మూతి కింద, డబ్బా పైన. విప్పిన క్షణమే ఉన్నదంతా చుట్టూ పొర్లుతుంది.

లోపల ఎంత ఉంటుందో కొలతతో చెప్పుకోవచ్చు. 76 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు ఉన్న చిన్న డబ్బా లోపలి చోటు సుమారు 450 మి.లీ. కాగితం, రేకు ఆక్రమించినది పోగా 300 మి.లీ. దాకా ఆయిల్ ఉంటుంది. లారీ ఇంజిన్ల పొడుగాటి డబ్బాల్లో లీటరు పైనే. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) మొత్తం ఖాళీ చేశాం కదా, ఫిల్టర్‌లో ఇంకేముంటుంది అనుకోవద్దు. ఇంజిన్ ఆగినా ఆయిల్ వెనక్కి కారిపోకుండా డబ్బా లోపల ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. సంప్ ఖాళీ అయినా డబ్బా నిండుగానే ఉంటుంది.

ముందే దగ్గర పెట్టుకోవలసినవి

కొత్త ఫిల్టర్ చేతిలో లేకుండా పాతది ముట్టుకోవద్దు. నాయుడుపేట, గూడూరు, తిరుపతి లారీ స్పేర్ పార్టుల అంగళ్లలో చాలా ఇంజిన్లకు దొరుకుతుంది. అయితే పాత డబ్బా చూపించి ‘ఇలాంటిది’ అని అడిగి తెచ్చుకోవడం ప్రమాదం. ముప్పావు అంగుళం బోల్టు, అంగుళానికి 16 మరలు ఉండేది ఒక రకం. 20 మి.మీ. బోల్టు, 1.5 మి.మీ. మర దూరం ఉండేది ఇంకో రకం. ముప్పావు అంగుళం అంటే 19.05 మి.మీ. కంటికి రెండూ ఒకటే. 20 మి.మీ. ఫిల్టర్ ముప్పావు అంగుళం బోల్టుకు ఎక్కుతుంది కూడా, కాస్త వదులుగా ఊగుతూ. ఇంజిన్ ప్రెషర్ మీదికి వచ్చాక అరకొరగా పట్టిన మరలు తెగి డబ్బా ఎగిరిపోవచ్చు. పార్టు నంబరు చూసే కొనండి. రబ్బరు రింగు వెడల్పు పాతదానితో పోల్చండి. అడ్డంగా గానీ తలకిందులుగా గానీ బిగించే ఫిల్టర్‌కైతే, ఆయిల్ వెనక్కి రానివ్వని వాల్వు ఉందో లేదో మూతి రంధ్రాల్లోంచి చూడండి. రంధ్రాల వెనక రబ్బరు పొర కనిపిస్తుంది.

ఆయిల్ ఎంతో, ఏ గ్రేడో ఇంజిన్ పుస్తకమే చెప్పాలి. మూడు సిలిండర్ల 25, 30 గుర్రపు శక్తి ఇంజిన్లకు సాధారణంగా 3 నుంచి 4 లీటర్లు పడుతుంది. ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్లకు పది లీటర్లు దాటుతుంది. నీళ్లతో చల్లబడే డీజిల్ ఇంజిన్లలో ఎక్కువవాటికి 15డబ్ల్యూ-40 సరిపోతుంది. పాత ఇంజిన్ పుస్తకంలో ఎస్‌ఏఈ 40 అని ఉంటే దాని మాటే వినండి.

పానాల్లో పట్టీ పానా, చైన్ పానా అందరి దగ్గరా ఉంటాయి. అవి తిరగాలంటే పక్కన ఖాళీ కావాలి. ఇరుకు చోటుకు గిన్నె పానా కొనండి. ఫిల్టర్ అడుగు మీద టోపీలా కూర్చుంటుంది. దానికి అర అంగుళం రాచెట్, పొడవు రాడ్డు, మెడ తిరిగే జాయింటు తగిలిస్తే రెండడుగుల దూరం నుంచి విప్పొచ్చు. గిన్నె పానా డబ్బా వెడల్పుకు, అంచు పలకల లెక్కకు సరిపోవాలి. ఒక పలక తేడా ఉన్నా జారి రేకు గీరుకుపోతుంది.

ఒలికేది పట్టుకోవడానికి బజారులో ఖరీదైన సామాను అక్కర్లేదు. అయిదు లీటర్ల ఆయిల్ డబ్బాను పొడుగు పక్కన కోస్తే లోతైన పళ్లెం అవుతుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ వ్యాసం 11 సెం.మీ. దగ్గర ఉంటుంది. మెడ కోసేస్తే 93 మి.మీ. ఫిల్టర్ దాకా లోపల పడుతుంది. కానీ అది పల్చని ప్లాస్టిక్, మరీ వేడి ఆయిల్ పడితే ముడుచుకుపోతుంది. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ నాలుగు మడతలు వేస్తే బ్లాకు ఆకారానికి వంగే దోనె తయారవుతుంది. మందపాటి పాలిథిన్ కవర్లు రెండు, నైట్రైల్ గ్లవ్స్, బనియన్ వేస్ట్ ఒక కిలో, మూత ఉన్న ఖాళీ ఆయిల్ డబ్బా కూడా ఉండాలి.

ఆయిల్ పీల్చే తెల్లటి ప్యాడ్లు దొరికితే తప్పక కొనండి. అవి నీళ్లను వదిలి ఆయిల్‌నే పట్టుకుంటాయి. పిల్లల డైపర్లు పనికొస్తాయని కొందరు చెబుతారు. డైపర్‌లోని పొడి నీళ్లకు ఉబ్బుతుంది, ఆయిల్‌కు కాదు. బోటు అడుగున నీళ్లుంటే డైపర్ ఆ నీళ్లే తాగి కూర్చుంటుంది, ఆయిల్ పైన తేలుతూనే ఉంటుంది. రంపపు పొట్టు గ్యారేజీ నేల మీద బాగా పనిచేస్తుంది. బోటులో చల్లితే నీళ్లు తోడే పంపు జల్లెడ పూడిపోతుంది.

మొదట చేతికి పట్టవలసినవి రెండు స్విచ్‌లు

ఒకటి బిల్జ్ పంపు, అంటే అడుగు నీళ్లు తోడే మోటారు. ఆటోమేటిక్‌లో ఉంటే ఆపేయండి. ఆయిల్ ఒలికినా బోటు లోపలే ఉంటుంది, మనం తుడుచుకోవచ్చు. పంపు నడిచిందంటే నిమిషంలో బయట పడుతుంది. ఆపిన స్విచ్‌కు ఒక చీటీ కట్టండి. అలాంటిదే ఇంకో చీటీ ఇంజిన్ తాళంచెవికి కట్టండి. పంపు ఆపిన సంగతి మరిచి వెళ్లిపోతే రాత్రికి బోటు మునగొచ్చు.

రెండోది బ్యాటరీ స్విచ్. చాలా ఇంజిన్లలో ఫిల్టర్‌కు సరిగ్గా కిందే స్టార్టర్ మోటారు ఉంటుంది. దాని మందపాటి తీగకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఇనప పానాగానీ అల్యూమినియం ఫాయిల్‌గానీ ఆ టెర్మినల్‌కూ బ్లాకుకూ మధ్య తగిలితే మెరుపులా నిప్పురవ్వలు వస్తాయి, చెయ్యి కాలుతుంది. ఇంజిన్ వేడి చేశాక, పానా పట్టకముందు బ్యాటరీ కట్ చేయండి. స్టార్టర్ మీద ఒక కవరు చుట్టండి, ఆయిల్ పడకుండా కూడా ఉంటుంది.

సంప్ ఖాళీ చేయడం

ఇంజిన్‌ను అయిదు నుంచి పది నిమిషాలు నడపండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, పీల్చడం కష్టం. పైగా మసి అడుగునే కూర్చుండిపోతుంది. వేడెక్కితే మసి ఆయిల్‌లో కలిసి బయటికి వస్తుంది. ఆపి రెండు మూడు నిమిషాలు ఆగి, ఆయిల్ పోసే మూత వదులు చేయండి, గాలి ఆడుతుంది.

బోటులో డ్రెయిన్ నట్టు కింద పళ్లెం పెట్టే చోటు ఉండదు కాబట్టి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గొట్టంలోంచి పీల్చాలి. చేత్తో కొట్టే వాక్యూమ్ డబ్బా అయితే మేలు. పీల్చే గొట్టం 5, 6 మి.మీ. మందం ఉంటే చాలా ఇంజిన్ల డిప్‌స్టిక్ గొట్టంలో దూరుతుంది. డిప్‌స్టిక్‌ను పక్కన పెట్టి కొలిచి, దానికంటే నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ దగ్గర గొట్టం మీద టేపు చుట్టండి. అక్కడి దాకా దించాక అడుగు తగులుతుంది. కాస్త పైకి లాగి పీల్చండి. గరగర మని గాలి శబ్దం వచ్చాక ఆపేయకుండా, గొట్టాన్ని కొంచెం తిప్పి మరోసారి పీల్చండి.

వచ్చిన ఆయిల్ కొలవడం తప్పనిసరి. నాలుగు లీటర్లు రావలసిన చోట రెండున్నరే వస్తే గొట్టం సంప్‌లో చుట్టుకుని పైకి తిరిగింది. కొలవకుండా కొత్త ఆయిల్ నాలుగు లీటర్లూ పోస్తే మట్టం గీత దాటి లోపల తిరిగే క్రాంకు దాన్ని చిలుకుతుంది, నురగ వస్తుంది, ప్రెషర్ పడిపోతుంది.

ఫిల్టర్‌ను విప్పకముందే ఖాళీ చేయడం

సంప్ పీల్చే పావుగంటలో ఫిల్టర్ చల్లబడుతుంది. చేత్తో పట్టుకుని ఉంచగలిగేంత వేడి సరిపోతుంది.

మూతి పైకి ఉన్న ఫిల్టర్‌కు పెద్ద తతంగం లేదు. పానాతో పావు చుట్టు వదులు చేసి, పానా తీసేసి, కోసిన బాటిల్‌ను కింది నుంచి ఎక్కించి, చేత్తో విప్పి బాటిల్‌తో సహా నిటారుగా దించేయండి.

అడ్డం ఫిల్టర్ దగ్గర నిదానం కావాలి. ముందు ఫాయిల్ దోనెను మూతి కింద, బ్లాకుకు ఆనించి నొక్కండి. దాని రెండో కొన పళ్లెంలోకి వాలుగా ఉండాలి. దోనె పై అంచు బ్లాకును వదలకుండా ఒక బనియన్ ముద్ద కుక్కండి. ఇప్పుడు డబ్బా అడుగు వైపు, అంచుకు వేలెడు లోపల, అన్నిటికంటే కింద ఉన్న చోట ఒక మేకు పెట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. మేకు అక్కడే ఉంచి, కింద పళ్లెం సరిచూసుకున్నాక లాగండి. మొదట చుక్కలుగా వస్తుంది. తర్వాత అదే అంచున పై భాగంలో ఇంకో రంధ్రం వేస్తే గాలి లోపలికి పోయి ఆయిల్ సన్నటి ధారగా, ఒకే చోట పడుతుంది. పది నిమిషాలు వదిలేయండి. ధార దారమై, దారం చుక్కై ఆగాక విప్పితే మూతి దగ్గర మిగిలేది ఒకటి రెండు చెంచాలు. దోనె దాన్ని పట్టుకుంటుంది.

మేకు కొట్టేది అంచు దగ్గరే, మధ్యలో కాదు. మధ్యలో స్ప్రింగూ, ఎలిమెంట్ (వడకట్టే కాగితం) అడుగు రేకూ ఉంటాయి. డ్రిల్లు వాడొద్దు. తర్వాత ఫిల్టర్ కోసి చూసేటప్పుడు డ్రిల్లు పొట్టునే ఇంజిన్ పొట్టు అనుకుని కంగారు పడతారు. ఒకసారి రంధ్రం పడ్డాక ఆ ఇంజిన్ కొత్త ఫిల్టర్ లేకుండా నడవదు. అందుకే మేకు కొట్టకముందు రెండు సంగతులు చూసుకోవాలి: కొత్త ఫిల్టర్ సరైనదేనా, పాతది పానాకు కదులుతోందా? పానాతో ఒక వెంట్రుక వాసి కదిలిందని తెలిశాకే రంధ్రం వేయండి.

తలకిందుల ఫిల్టర్‌కు పైన అంచు దగ్గర రంధ్రం వేసి, అందులోంచి పీల్చే పంపు సన్నగొట్టం దించి ఆయిల్ లాగేయండి. గాలి రంధ్రం పడగానే కొంత ఆయిల్ దానంతట అదే కాగితం గుండా ఇంజిన్‌లోకి దిగుతుంది. దాని మీదే ఆధారపడొద్దు, పీల్చాకే విప్పండి. మూతి చుట్టూ బనియన్ గుడ్డను తలపాగాలా చుట్టి, ఆ పైన కవరు తొడిగి తిప్పండి.

కవరు పద్ధతి ఎక్కడైనా తోడుంటుంది. పానాతో పావు చుట్టు వదులు చేశాక రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఫిల్టర్ మీదికి తొడగండి. అడుగున కాస్త బనియన్ వేస్ట్ వేయండి. కవరు మీదుగానే చేత్తో తిప్పితే ఫిల్టరూ ఆయిలూ రెండూ అందులోనే పడతాయి. అంచులు పదునుగా ఉన్న క్లిప్పులు కవరును చీరుస్తాయి కాబట్టి దారిలో ఏమున్నాయో ముందే తడిమి చూడండి.

తిరగనప్పుడు

గుడ్డిగా చెయ్యి దూర్చి తిప్పేటప్పుడు దిక్కు తారుమారు కావడం మామూలే. ఫిల్టర్ అడుగు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. మీరు వెనక నుంచి చెయ్యి పెడితే అది తిరగబడి కనిపిస్తుంది. బలం వాడకముందే డబ్బా మీద మార్కర్‌తో బాణం గుర్తు వేసుకోండి. చాలా ‘పట్టేసిన’ ఫిల్టర్లు నిజానికి బిగిసే వైపు తిప్పినవే.

జారుతుంటే డబ్బా మీది ఆయిల్‌ను డీజిల్ గుడ్డతో, ఆపైన పొడి గుడ్డతో తుడిచి, గరుకు ఎమెరీ కాగితం చుట్టి దాని మీద పట్టీ వేయండి. పట్టీని మూతికి వీలైనంత దగ్గరగా వేయాలి. అక్కడ రేకు గట్టిగా ఉంటుంది, మధ్యలో అయితే నలిగిపోతుంది. స్క్రూడ్రైవర్ డబ్బాలోకి గుచ్చి తిప్పడం అందరికీ తెలిసిన విద్యే, బోటులో మాత్రం అది ఆఖరి దారి. రేకు చీరుకుని ఆయిల్ నాలుగు వైపులా పడుతుంది, పానా పట్టే చోటూ పోతుంది. డబ్బా ఊడి అడుగు పళ్లెం మాత్రమే ఇంజిన్‌కు మిగిలిపోతే, దాని అంచుకు ఉలి ఆనించి విప్పే వైపు చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోతే కదులుతుంది. బ్లాకు మీద రింగు కూర్చునే ముఖానికి ఉలి తగలకూడదు. అక్కడ గీత పడితే కొత్త ఫిల్టరూ కారుతుంది.

కొత్తది ఎక్కించడం

పాత ఫిల్టర్ బయటికి రాగానే దాని మూతి చూడండి. రబ్బరు రింగు దాంట్లోనే ఉందా? లేకపోతే ఇంజిన్‌కే అంటుకుని ఉంది. వేడికి గట్టిపడి, బ్లాకు రంగులో కలిసిపోయి, ఫోన్ టార్చి వెలుగులో కూడా నల్లటి గీతలా మాత్రమే కనిపిస్తుంది. వేలితో చుట్టూ తడిమితే గట్టులా తగులుతుంది. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. చేతికి గట్టిగానే ఉంటుంది. స్టార్ట్ చేసి ప్రెషర్ ఎక్కాక పై రింగు పక్కకు జారి, కొన్ని సెకన్లలో లీటర్ల కొద్దీ కొత్త ఆయిల్ ఇంజిన్ గదంతా కొడుతుంది. ఈ పనిలో జరిగే అన్ని ప్రమాదాల్లో పెద్దది ఇదే. కనిపించని చోట చిన్న అద్దంతో చూడండి, వేలితో కూడా చూడండి.

ముఖాన్ని పోగులు రాని గుడ్డతో తుడిచి, కొత్త రింగుకు కొత్త ఆయిల్ వేలితో పూయండి. పొడి రింగు తిప్పేటప్పుడు మెలిపడుతుంది.

ఫిల్టర్‌లో ముందే ఆయిల్ నింపాలా? మూతి పైకి ఉండేదైతే నింపండి. అంచున ఉండే చిన్న రంధ్రాల్లోంచే పోయాలి, మధ్య పెద్ద రంధ్రంలోంచి కాదు. మధ్యలో పోసింది వడకట్టకుండా నేరుగా బేరింగులకు పోతుంది. అడ్డం ఫిల్టర్‌లో పావు వంతు పోసి, డబ్బాను చేతిలో దొర్లిస్తే కాగితం తాగేస్తుంది. వంచినా కారనంత వరకే. తలకిందులది ఖాళీగానే ఎక్కించాలి.

మర పట్టేటప్పుడు ముందు అర చుట్టు వెనక్కి తిప్పండి, టక్కు మని చిన్నగా దిగిన చోట నుంచి ముందుకు తిప్పండి. వంకర మర పట్టదు. రింగు బ్లాకుకు తగిలినట్టు తెలిశాక ఫిల్టర్ మీద ముద్రించినంత తిప్పాలి, సాధారణంగా ముప్పావు నుంచి ఒక చుట్టు. కనిపించని చోట ఎంత తిప్పారో తెలియాలంటే డబ్బా మీద మార్కర్‌తో నాలుగు వైపులా 1, 2, 3, 4 అంకెలు వేసుకోండి. చేత్తోనే బిగించాలి. పానాతో బిగించిన వాడు వచ్చే ఏడాది ఆ పానాతోనే అవస్థ పడతాడు.

కొన్ని పాత లారీ ఇంజిన్లలో డబ్బా ఫిల్టర్ ఉండదు. గిన్నె, దాని మధ్య పొడుగు బోల్టు, లోపల కాగితం ఎలిమెంట్ ఉంటాయి. వాటికి మేకు అవసరం లేదు. బోల్టు రెండు చుట్లు వదులు చేస్తే గిన్నె అంచు నుంచి కారడం మొదలవుతుంది, కాబట్టి ముందే కవరు తొడగండి. పై గాడిలోని పాత రింగును పెద్ద సూదితో లేపి తీయాలి. ఇక్కడ కూడా రెండు రింగుల ప్రమాదం ఉంది. స్ప్రింగు, వాషరు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో గుడ్డ మీద పరుచుకోండి, లేదా ఫోటో తీసుకోండి. అందులో ఒకటి తప్పినా ఎలిమెంట్ సరిగా కూర్చోక ఆయిల్ వడకట్టకుండానే తిరుగుతుంది.

స్టార్ట్ చేసే ముందూ తర్వాతా

పుస్తకం చెప్పిన దానిలో అయిదో వంతు తగ్గించి పోయండి. బోటులో ఇంజిన్ షాఫ్టు వాలుకు తగ్గట్టు వెనక్కి వాలి ఉంటుంది. కొన్నిటి డిప్‌స్టిక్ గీతలు ఆ వాలుకే గీసి ఉంటాయి, కొన్నిటివి సమతలానికి. మిగిలింది గీత చూస్తూ కొద్దికొద్దిగా పోయడం మేలు.

ఇప్పుడు బ్యాటరీ కలపండి. ఇంజిన్ అంటుకోకుండా స్టాప్ మీట లాగి పట్టుకుని స్టార్టర్‌ను పది సెకన్లు తిప్పండి, నిమిషం ఆగండి, మళ్లీ తిప్పండి. ఫిల్టర్ నిండి ప్రెషర్ లైటు ఆరుతుంది. ఎగ్జాస్టులో నీళ్లు కలిసే బోట్లలో ఒక జాగ్రత్త కావాలి: ఇంజిన్ అంటుకోకుండా ఎక్కువసేపు తిప్పితే పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది, బయటికి నెట్టే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి నీళ్లు సిలిండర్లోకి ఎక్కొచ్చు. తిప్పేటప్పుడు నీటి వాల్వు మూసి, ఇంజిన్ అంటుకున్న వెంటనే తెరవండి.

స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లోనే ఉంచండి. పది సెకన్లలో ఆయిల్ లైటు ఆరకపోతే ఆపేయాలి, రేజ్ చేసి ఆర్పే ప్రయత్నం చేయొద్దు. ఇంకొకరిని స్టాప్ దగ్గర నిలబెట్టి, మీరు టార్చితో ఫిల్టర్ అంచునే చూడండి. కింద తెల్ల కాగితం పరిస్తే మొదటి చుక్కే కనిపిస్తుంది. అయిదు నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూడండి. ఫిల్టర్ తాగినంత మట్టం తగ్గి ఉంటుంది. గీత దాకా పోసి మూత పెట్టండి. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో, తేదీ ఎంతో డబ్బా మీదే రాయండి. ఎక్కువ ఇంజిన్లకు 100 నుంచి 250 గంటల మధ్య ఏదో ఒక లెక్క పుస్తకంలో ఉంటుంది. అన్ని గంటలు తిరగకపోయినా ఏడాదికి ఒకసారి మార్చాలి.

తీసిన ఆయిల్‌ను అప్పగించే ముందు ఒకసారి చూడండి. మజ్జిగ కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, ఆయిల్ కూలర్ గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ అనుమానించాలి. పోసినదానికంటే ఎక్కువ వచ్చి డీజిల్ వాసన కొడితే ఫీడ్ పంపు డయాఫ్రమ్ లేదా ఇంజెక్టర్ల సంగతి చూడాలి. ఫిల్టర్ రేకు కోసి కాగితం మడతలు విప్పితే మసి మామూలే. వెండిలా, ఇత్తడిలా మెరిసే రేణువులు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి, నిషేధం ముగిసేలోపే మెకానిక్‌ను పిలవండి.

ఫిల్టర్‌నే అందే చోటికి మార్చేయొచ్చా?

మార్చొచ్చు. ఇంజిన్ మీద ఒక పలక, గోడ మీద ఫిల్టర్ తల, మధ్య రెండు గొట్టాలు. గోడ మీద మూతి పైకి ఉండేలా బిగిస్తే ఇకపై గిన్నె దించినట్టు దించుకోవచ్చు. ప్రతి ఏడాదీ నరకం చూపించే ఫిల్టర్‌కు ఇదే సరైన మందు అని మా అభిప్రాయం, గొట్టాల దగ్గర పైసా మిగుల్చుకోనంత వరకు. ఆ గొట్టాల్లో ఇంజిన్ ప్రాణమంతా పారుతుంది. ఆయిల్‌కు, వేడికి, ప్రెషర్‌కు తగిన హైడ్రాలిక్ గొట్టం, ప్రెస్ చేసిన ఫిట్టింగులు ఉండాలి. నీళ్ల గొట్టం తెచ్చి క్లిప్పు బిగిస్తే చల్లటి ఉదయం చిక్కటి ఆయిల్ ప్రెషర్‌కు ఊడుతుంది, నిమిషంలో ఇంజిన్ పట్టేస్తుంది. వెళ్లేది, వచ్చేది తారుమారైతే డబ్బాలోని వాల్వు ఆయిల్‌ను ఆపేస్తుంది, లైటు ఆరదు. గొట్టాలు బ్లాకుకు రాసుకోకుండా రబ్బరు క్లిప్పులు వేయండి. గొట్టాల్లో నిండే ఆయిల్‌ను కూడా లెక్కలో కలపండి.

వాడిన ఆయిల్, గుడ్డలు

రంధ్రం వేసిన ఫిల్టర్‌ను బకెట్ మీద బోర్లించి ఒక రాత్రి కారనివ్వండి. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే చేరాలి. మూత గట్టిగా పెట్టి, వాడిన ఆయిల్ పోగుచేసి రీసైక్లర్లకు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. సెంట్రింగ్ చెక్కలకు పూయడానికో, పొయ్యిలో పోయడానికో అడిగేవాళ్లకు ఇవ్వకండి. నీళ్లు, డీజిల్, కూలెంట్ అందులో కలపొద్దు, కలిస్తే రీసైక్లర్ తీసుకోడు.

చివరిగా బోటు అడుగు. ఒక తెల్ల ప్యాడ్ గానీ పాత తెల్ల బనియన్ గానీ నీళ్ల మీద ఆనించి తీయండి. నల్ల మరక పడితే ఆయిల్ ఉన్నట్టే, మరక పడనంత వరకు ప్యాడ్లు మార్చుతూ తీయండి. గిన్నెల సబ్బు పోయొద్దు. సబ్బు ఆయిల్‌ను విరగ్గొట్టి నీళ్లలో కలుపుతుంది, కంటికి మాయమవుతుంది గానీ పంపుతో అంతా బయటికే పోతుంది. తెల్ల గుడ్డ తెల్లగా వచ్చాక తాళంచెవి చీటీ, స్విచ్ చీటీ రెండూ తీసి, బిల్జ్ పంపును ఆటోమేటిక్‌లో పెట్టండి. నీటితో పాటు లేచి పంపును నడిపే ఫ్లోట్‌ను చేత్తో ఒకసారి పైకి లేపి మోటారు తిరుగుతోందో లేదో విని, అప్పుడు మూత వేయండి.